మారేడు బ్యాక్టీరియా ఏ ఊరిది?

ఆ వారం నేను చేయాల్సిన పనులు ఇవి. బ్యాక్టీరియాను వెచ్చగా ఉంచే పెట్టె తుడవాలి. మారేడు బ్యాక్టీరియాను పాత గాజు పళ్లేల నుంచి కొత్త పళ్లేల్లోకి మార్చాలి. ఖాళీ క్యాప్సూళ్ల పెట్టెలు పార్సిల్ ఆఫీసు నుంచి తేవాలి. పెద్దాసుపత్రి పిల్లల డాక్టరు గారికి ఫోను చేసి, ఇంకెంతో కాలం పట్టదని చెప్పాలి. డైరెక్టరు గారి గదిలో మనీప్లాంటుకు నీళ్లు పోయాలి. ప్రారంభోత్సవానికి శాలువాలు మాట్లాడాలి. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి బ్యాక్టీరియాకు స్థానికత ధృవీకరణ పత్రం తేవాలి.

చివరి పని తప్ప అన్నీ శుక్రవారానికి అయిపోయాయి.

మాది ఔషధ మొక్కల మేలు సూక్ష్మజీవుల సంస్థ. పేరు పెద్దది, భవనం చిన్నది. మందు మొక్కల వేళ్లలో, పళ్లలో ఉండే మంచి బ్యాక్టీరియాను పట్టి, పెంచి, మనుషుల పొట్టకు పనికొచ్చేలా క్యాప్సూళ్లలో నింపడం మా పని. పెరుగులో ఉండేవాటికి ఇవి దూరపు చుట్టాలు. నేను అక్కడ ప్రాజెక్టు అసిస్టెంటుని, కాంట్రాక్టు మీద. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదలు. అందుకని రూలు అంటే నాకు భయమూ భక్తీ రెండూ ఎక్కువే. ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ, "ఏం పనిరా ఏసోబూ?" అని అడిగింది.

"పురుగుల్ని పెంచుతానమ్మా. కంటికి కనపడనివి."

"మీ నాయన మేకల్ని పెంచాడు. అవి కనీసం కనపడేవి" అంది.

మా ల్యాబుకు పెద్ద, డాక్టర్ చెన్నుబోయిన నాగరత్నం మేడం. కొన్నేళ్ల కిందట కొండదారిలో ఆవిడ ఎక్కిన బస్సు చెడిపోయిందట. అందరూ డ్రైవర్ను తిడుతుంటే, ఆవిడ దిగి మారేడు చెట్టు కింద రాలిన పండొకటి చీరకొంగులో వేసుకొచ్చారు. దాని గుజ్జులో దొరికింది ఈ బ్యాక్టీరియా. తర్వాత ఆ కొండ మీద చాలా చెట్ల పళ్లు తెచ్చి వెతికారు. మరే పండులోనూ ఇది దొరకలేదు. యాంటీబయాటిక్స్ వాడాక విరేచనాలు పట్టుకుని ఎంతకీ ఆగని పసిపిల్లలకు ఇది పనికొస్తుందని ఆవిడ నమ్మకం. పెద్దాసుపత్రి వాళ్లు పరీక్షించి చూడటానికి ఒప్పుకున్నారు, అందుకు కావలసిన అనుమతులూ తెచ్చుకున్నారు. రిటైరయ్యే లోపు మొదటి డబ్బా పిల్లల వార్డుకు చేరాలి. ఆవిడ కోరిక అంతే. ఆ రిటైర్మెంటు ఎండాకాలం చివర్లో ఉంది.

ఇక స్థానికత సంగతి. రాజధానిలో సమీక్షా సమావేశం జరిగింది. మా డైరెక్టరు విశ్వంభర ప్రసాద్ గారు తెర మీద బొమ్మలు చూపిస్తుంటే, ఫోను చూసుకుంటున్న ఓ పెద్దాయన తలెత్తి, "ఈ బ్యాక్టీరియా మనదేనా?" అని అడిగారట. అడిగి మళ్లీ ఫోను చూసుకున్నారట. ఆ ముక్కను అక్కడున్న వాళ్లందరూ రాసుకున్నారు. రాసుకున్నది నోటు అయింది, నోటు ఫైలు అయింది, ఫైలు పథకం అయింది. పథకం పేరు 'మన మట్టి - మన పొట్ట'. ప్రభుత్వ సాయంతో తయారయ్యే ఆరోగ్య ఉత్పత్తుల్లో స్థానిక జీవులే ఉండాలి. వాటి స్థానికతను రెవెన్యూ శాఖ ధృవీకరించాలి.

"చూశావా ఏసోబూ, దేశంలోనే ప్రథమం!" అన్నారు డైరెక్టరు గారు. అందులో అబద్ధమేమీ లేదు.

దరఖాస్తు నింపే బాధ్యత మా పరిపాలనాధికారి సుబ్బారాయుడు గారిది. మేడాన్నీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లజోడు సర్దుకున్నారు.

"అభ్యర్థి పేరు?"

"లాక్టోబాసిల్లస్ సార్" అన్నాను.

"అది ఇంటిపేరా, పేరా?"

"ఇంటిపేరే అనుకోండి" అన్నారు మేడం. "పేరు ఇంకా పెట్టలేదు. నంబరే ఉంది."

"పేరు పెట్టకుండానే ఇన్నేళ్లు పెంచారా? సరే. తండ్రి పేరు?"

"ఒకటి రెండుగా చీలుతుందండీ. తండ్రి ఉండడు."

సుబ్బారాయుడు గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "అలాంటివి ఆఫీసులో గట్టిగా అనకండి మేడం. పాపం వాటి తప్పేముంది. సంరక్షకులు అని పెట్టి మీ పేరు రాస్తా. పుట్టిన తేదీ?"

"దేనిది? గంట తిరిగేసరికి కొత్తవి పుడుతూనే ఉంటాయి."

"అయితే జూలై ఒకటి వేస్తా. బడిలో మా అందరికీ మేష్టారు వేసింది అదే. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివింది?"

మేడం నవ్వేశారు. నేను నవ్వలేదు. రూలు అడుగుతున్నప్పుడు నవ్వడం నాకు చేతకాదు. "మా ల్యాబులోనే పెరిగింది సార్" అన్నాను.

"అదీ! అలా చెప్పు. బోనఫైడ్ పట్రా."

నేనే టైపు చేశాను. "పై బ్యాక్టీరియా మా సంస్థలో ఎడతెగకుండా పెరిగినదనియు, దాని నడవడిక సంతృప్తికరమనియు ఇందుమూలముగా ధృవీకరించడమైనది." డైరెక్టరు గారు ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేశారు.

"తిండి?" అని చివర్లో అడిగారు సుబ్బారాయుడు గారు.

బ్యాక్టీరియాకు పెట్టే పోషకాల పొడి బొంబాయి నుంచి డబ్బాల్లో వస్తుందని చెప్పాం. ఆయన కలం ఆగిపోయింది. పై రాష్ట్రం తిండి తిని పెరిగినవాడు స్థానికుడు ఎట్లా అవుతాడని ఆయన సందేహం. మర్నాటి నుంచి మేడం వాటికి మా ఊరి బెల్లం, మా ఊరి పాలు పెట్టారు. బ్యాక్టీరియా కిక్కురుమనకుండా తిని పెరిగింది. సంస్థ మొత్తంలో సర్దుకుపోయే గుణం దానికే ఉంది.

తహసీల్దారు గారు దరఖాస్తు చదివి, మేడం వైపు చూసి, "ఒక్కో క్యాప్సూల్లో ఎంతమంది ఉంటారు?" అని అడిగారు.

"వందల కోట్లండీ."

"వందల కోట్లా! నా దగ్గర ఉన్నది ఒక్క కంప్యూటర్ ఆపరేటరమ్మా. వాడూ మధ్యాహ్నం తర్వాత కనపడడు. తలా ఒక పత్రం అంటే కుదిరే పని కాదు. ఉమ్మడి కుటుంబం కింద పరిగణిద్దాం. కుటుంబ పెద్ద ఎవరు?"

"పండులో మొదట దొరికినదండీ" అన్నారు మేడం.

"బతికుందా?"

"అది చీలి రెండయింది. ఆ రెండూ చీలి నాలుగయ్యాయి. అలా…"

"అంటే పోయిందన్నమాట."

"పోలేదండీ."

"మరి ఎక్కడుంది?"

"వీటన్నిటిలోనూ ఉంది."

తహసీల్దారు గారు కలం కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మా, సర్వాంతర్యామికి నేను సర్టిఫికెట్టు ఇవ్వలేను. బతికుంటే నా ముందు హాజరుపరచండి. పోతే మరణ ధృవీకరణ పత్రం తెండి."

మర్నాడు గాజుగొట్టంలో హాజరుపరిచాం. ఆయన దాన్ని కిటికీ వెలుగుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, "మజ్జిగ తేటలా ఉంది" అన్నారు. హాజరు వేశారు. జన్మస్థలంలో విచారణ జరపమని వీఆర్వో కోటిలింగానికి ఫైలు రాశారు.

కోటిలింగం, మేడం, నేను కొండదారిలో బస్సు దిగాం. మారేడు చెట్టు కింద మల్లెలమ్మ అనే ముసలావిడ జామకాయలు అమ్ముకుంటోంది. పంచనామాకు సాక్షి కావాలి. కోటిలింగం ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, ఈ చెట్టు పళ్లలో ఉండే బ్యాక్టీరియాను నువ్వు ఎరుగుదువా?"

"ఎవరయ్యా వాళ్లు?"

"సన్న పురుగులవ్వా. కంటికి కనపడవు."

"కనపడనోళ్లను ఎట్టా ఎరుగుతానయ్యా?"

"చిన్నప్పటి నుంచి ఎరుగుదునని చెప్పవ్వా. ఫైలు కదలాలి."

"సరే, ఎరుగుదును. మంచోళ్లేనని రాసుకో. ఈ దారిన జీపుల్లో పోయేవాళ్లు నా జామకాయలు ఊరికే తిని పోతారు. ఈళ్లు ఎప్పుడూ నా బుట్టలో చెయ్యి పెట్టలా."

కోటిలింగం అంతా రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. లేస్తూ లేస్తూ, మాటవరసకు అడిగినట్టు, "పండు ఏ పక్క దొరికింది మేడం?" అన్నాడు.

"అదుగో, ఆ రాతికి అవతల."

కోటిలింగం మొహం వాడిపోయింది. అది సరిహద్దు రాయి. దానికి అవతల పక్క రాష్ట్రం. చెట్టు మొదలు ఇవతల, పెద్ద కొమ్మ అవతల.

"ఇవతల దొరికిందని అంటే ఏం పోయేది మేడం?"

"అవతలే కదయ్యా దొరికింది."

"దొరికిన చోటు వేరు, ఫైల్లో దొరకాల్సిన చోటు వేరు. ఇప్పుడేం రాయమంటారు? వేరు మనది, కాన్పు వాళ్లది."

కోటిలింగం రాయక తప్పలేదు. రాసింది రెండు మూడు ఆఫీసులు తిరిగి సరిహద్దు దాటింది. అవతలి పేపర్లలో 'మన బ్యాక్టీరియాను ఎత్తుకెళ్లారు' అని వచ్చింది. ఇవతలి పేపర్లలో 'మన బ్యాక్టీరియా మీద కన్నేశారు' అని వచ్చింది. అప్పటిదాకా దాని మొహం చూసినవాడు లేడు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూడా దాని కోసం చొక్కాలు పట్టుకుంటున్నారు.

రెండు రాష్ట్రాల సర్వేయర్లు కలిసి గొలుసు పట్టారు. కొలిచిన కొద్దీ గీత చెట్టు వైపు జరిగి, చివరికి మాను నడిమధ్య నుంచి వెళ్లింది. షామియానా కింద ఉమ్మడి సమావేశం పెట్టారు. ఇటు అధికారి లేచి, "వేరు ఉన్నచోటే జన్మస్థలం" అన్నారు. అటు అధికారి లేచి, "కాయ కాసినచోటే జన్మస్థలం" అన్నారు. జీడిపప్పు పలహారం అయ్యాక ఇద్దరూ రాజీకి వచ్చారు. "వివాదానికి కారణమైన వస్తువును ఉభయుల సమ్మతితో తొలగించి, తద్వారా సామరస్య వాతావరణాన్ని నెలకొల్పడమైనది" అని తీర్మానం రాశారు.

వస్తువు అంటే చెట్టు. ఆ సాయంత్రానికే రంపం వచ్చింది. కలపను సమానంగా పంచుకున్నారు. మల్లెలమ్మ తన బుట్టను ఎండలోకి లాక్కుంటూ, "నీడను ఎట్టా పంచుకున్నారయ్యా? ఎవరి వాటా ఎవరు పట్టుకపోయారు?" అని అరిచింది. దాన్ని ఎవరూ తీర్మానంలో రాసుకోలేదు.

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడ్డాక మేడం, "పోనీలే ఏసోబూ. మన ఫ్రీజరులో ఉన్నాయిగా" అన్నారు. తనకు తాను చెప్పుకున్నట్టుగా అన్నారు.

మర్నాడు సుబ్బారాయుడు గారు ఎలక్ట్రీషియన్ను వెంటబెట్టుకుని ల్యాబులోకి వచ్చారు.

"విచారణ తేలేదాకా అభ్యర్థిని స్థానికేతరుడిగానే భావించాలని పైనుంచి వచ్చింది మేడం. స్థానికేతరులకు సంస్థ ఖర్చు మీద వసతి, భోజనం ఇవ్వకూడదు. పళ్లేల్లో ఉన్నవాటికి తిండి ఆపాలి. డీప్ ఫ్రీజరు వసతి గృహం కిందికి వస్తుంది. కరెంటు తీసేయాలి."

"కరెంటు తీస్తే చస్తాయండీ సుబ్బారాయుడు గారూ!"

"చావడానికి మేమేం ఉత్తర్వు ఇవ్వలేదు మేడం. వసతి మాత్రమే నిలిపేశాం."

"అయితే ఒక్క గొట్టం ఇవ్వండి. ఇంటికి తీసుకుపోయి పాలల్లో పెంచుకుంటాను. నా ఖర్చే."

"విచారణలో ఉన్నవాళ్లు ఆవరణ విడిచిపోకూడదు. పైగా మీరు సంరక్షకులు. మీరే తీసుకుపోతే దాన్ని పరారీ అంటారు. మీ పెన్షన్ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి మేడం, నా చేత చెడ్డ పని చేయించకండి."

ఎలక్ట్రీషియన్ తీగ పీకాడు. ఫ్రీజరు కాసేపు మూలిగి ఊరుకుంది. సుబ్బారాయుడు గారు తలుపు మీద లక్క ముద్ర వేశారు.

మేడం డైరెక్టరు గారి గదికి పరుగెత్తారు. వెనక నేను. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. "శాస్త్రవేత్తగా నేను మీ వైపే ఉన్నాను మేడం. డైరెక్టరుగా ఫైలు వైపు ఉన్నాను. ఆఫీసు వేళల్లో నేను డైరెక్టర్ని" అన్నారు.

"పోనీ ఆఫీసు వేళలయ్యాక రానా?"

"అయ్యాక నేను ఇంట్లో ఉంటాను కదండీ."

అదే సమయంలో గేటు దగ్గర కొత్త ఉత్తర్వు అంటించారు. గేటు దాటే ప్రాణమున్న ఏ బ్యాక్టీరియాకైనా స్థానికత రుజువు చూపాలి. వాచ్‌మన్ పున్నయ్య మా టిఫిన్ డబ్బాలు తెరిపించి వాసన చూడటం మొదలుపెట్టాడు.

"మేడం, ఇది పెరుగన్నమాండీ?"

"అవును పున్నయ్యా."

"తోడు ఎక్కడిదండీ?"

"పక్కింటావిడ ఇచ్చింది."

"ఆవిడది ఏ ఊరండీ?"

మేడం పెట్టిపుట్టలేదు. పక్కింటావిడది పై రాష్ట్రం. పెరుగన్నం గేటు దగ్గరే ఆగిపోయింది. సుబ్బారాయుడు గారి పెరుగు మాత్రం లోపలికి వచ్చేది. దాని గేదె వాళ్ల మామగారిది, గేదెకు తహసీల్దారు గారి పత్రం ఉంది. వారం తిరిగేసరికి మేమంతా పప్పన్నం మనుషులమయ్యాం. మంచి బ్యాక్టీరియా కోసం కట్టిన భవనంలో మజ్జిగ చుక్క దొరకకుండా పోయింది.

పిల్లల డాక్టరు గారు ఫోను చేశారు. "ఏమయ్యా, ఇక్కడ పసివాళ్లు నీళ్లయిపోతున్నారు. ఇంకో పాప చేరింది. మీ క్యాప్సూళ్లు ఎప్పుడొస్తాయి?"

"విచారణలో ఉన్నాయండీ."

"దేని మీద విచారణ?"

"ఏ ఊరివి అనే దాని మీదండీ."

"ఈ పిల్లలు ఏ ఊరివాళ్లో కూడా చెప్పాలా?" అని పెట్టేశారు. నిజం చెప్పొద్దూ, ఆ కాలమ్ మా దరఖాస్తులో ఉంది.

ఎండలు ముదిరాయి. మేడం రోజూ పొద్దున్నే వచ్చి ఫ్రీజరు మీద చెయ్యి వేసి చూసేవారు. మొదట్లో చల్లగా ఉందనేవారు. తర్వాత తర్వాత ల్యాబు పంకా తిప్పి దాని వైపు పెట్టి వెళ్లేవారు. పంకా స్థానికమా అని ఎవరూ అడగలేదు, అదొక్కటే అదృష్టం.

మామిడిపళ్లు చివరికొచ్చే వేళకు పత్రం వచ్చింది. రెవెన్యూ వాళ్ల తర్కం చక్కగా ఉంది. చెట్టు లేదు కాబట్టి చెట్టు ఏ పక్కదన్న వివాదం లేదు. వివాదం లేదు కాబట్టి చివరిగా నివసించిన చోటే స్వస్థలం. కాబట్టి బ్యాక్టీరియా మనదే. డైరెక్టరు గారు పత్రాన్ని ఫ్రేము కట్టించారు. సుబ్బారాయుడు గారు లక్క పగలగొట్టి, తన చేత్తోనే తీగ గుచ్చారు. "స్వాగతం!" అన్నారు ఫ్రీజరుతో.

తలుపు తీస్తే గుప్పున వాసన కొట్టింది. మేడం ముక్కు మూసుకోలేదు. గొట్టాలన్నీ ఒక్కొక్కటే తీసి, ప్రతిదాన్నుంచీ చుక్క చుక్క కొత్త పళ్లేల్లో వేశారు. ఒక్కటైనా మిగిలి ఉంటే పళ్లెం మీద తెల్లటి చుక్క లేస్తుంది. రెండ్రోజులు ఆగాం. ఇంకో రోజు ఆగాం. పళ్లేలు కడిగి బోర్లించినట్టు ఉన్నాయి.

"ఏమీ మిగల్లేదండీ" అని మేడం డైరెక్టరు గారికి చెప్పారు.

ఆయన కంగారు పడలేదు. సుబ్బారాయుడు గారిని పిలిచి, "పత్రంలో ఎక్కడైనా ప్రాణంతో ఉండాలని ఉందా?" అని అడిగారు.

"లేదు సార్. స్థానికులని మాత్రమే ఉంది."

"మరింకేం! మేడం, మీరు అనవసరంగా మనసు కష్టపెట్టుకుంటున్నారు. స్థానికత శాశ్వతం. ప్రాణం తాత్కాలికం. క్యాప్సూళ్లు నింపించండి."

నింపారు. ప్రారంభోత్సవాన్నీ మేడం వీడ్కోలు సభనూ ఒకే రోజు పెట్టారు, శాలువాలు కలిసొస్తాయని. హాలు నిండింది. డబ్బా మీద ఆకుపచ్చ అక్షరాలతో 'నూరు శాతం స్థానికం' అని ఉంది. డైరెక్టరు గారి ఫోటో ఉంది. పథకం గుర్తు ఉంది. కనిపెట్టినవాళ్ల పేరుకు చోటు చాల్లేదన్నారు. డైరెక్టరు గారు ఉపన్యసించి, మేడానికి శాలువా కప్పి, మొదటి డబ్బా ఆవిడ చేతిలో పెట్టారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

మేడం మైకు ముందు నిలబడి డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఎన్ని బతికున్నాయండీ?" అని అడిగారు.

డైరెక్టరు గారు చిరునవ్వు చెదరకుండా ఆవిడ పక్కకు వచ్చి మైకులోకి వంగారు.

"మేడం, అన్నీ స్థానికులే."

చప్పట్లు మోగాయి. చాలాసేపు మోగాయి.

మేడం డబ్బాను బల్ల మీదే వదిలేసి వరండాలోకి వచ్చారు. అక్కణ్నుంచే పిల్లల డాక్టరు గారికి ఫోను చేశారు. "మా డబ్బాలు వస్తాయండీ. పిల్లలకు ఇవ్వకండి. ఏమీ చేయలేకపోయానండీ, క్షమించండి" అన్నారు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేను లేను. అదేమీ గొప్పతనం కాదు, నా రెండు చేతుల్లోనూ బొకేలు ఉన్నాయి.

నా కాంట్రాక్టు పొడిగించారు, బోనఫైడ్ చక్కగా రాసినందుకు. సంస్థకు అవార్డు వచ్చింది. ఇప్పుడు సరస్వతి ఆకు బ్యాక్టీరియాకు కుటుంబ సభ్యుల పత్రం కోసం తిరుగుతున్నాను.

మేడం ఇంట్లో కూర్చోలేదు. చేతిసంచి ఒకటి భుజాన వేసుకుని, ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి, కొండల్లో మారేడు చెట్లు వెతుక్కుంటూ తిరుగుతున్నారని విన్నాను. రాలిన పళ్లు ఏరుతున్నారట. ఏ రాయికి ఏ పక్క రాలిందో ఇప్పుడు చూడటం లేదట. ఇంకా దొరకలేదట.

ఈ కథ చదివినవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీ వైపు మారేడు చెట్టు ఉండొచ్చు. రోడ్డు వెడల్పుకనో, గొడవ తీర్చడానికనో, ఎవరైనా రంపం పట్టుకుని దాని దగ్గరికి రావచ్చు. అప్పుడు డాక్టర్ చెన్నుబోయిన నాగరత్నం అనే మనిషిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆవిడ ఇంకా మీ చెట్టు దాకా రాలేదు.